మార్కెట్ ఏటా మారిపోతుంటే హౌసింగ్ అసోసియేషన్లు 30 ఏళ్లకు ప్లాన్ ఎలా వేస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఇంగ్లండ్‌లో తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే, లాభాపేక్ష లేని ఒక హౌసింగ్ అసోసియేషన్‌లో బిజినెస్ ప్లానింగ్ అనలిస్ట్‌గా చేరారు, చేరగానే 30 ఏళ్ల బిజినెస్ ప్లాన్ ఉన్న పెద్ద ఎక్సెల్ ఫైల్ చేతిలో పెట్టారు, వడ్డీ రేట్లు రెండేళ్లలోనే తలకిందులైపోయిన దేశంలో 30వ సంవత్సరం అంకెకు విలువేముంది, అసలు ఇందులో వ్యూహం ఎక్కడుంది, సంస్థల విలీనాలు మంచివేనా అని. మంచి ప్రశ్న. నేను ఈ రంగంలోనే ప్లానింగ్, ట్రెజరీ పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా సూటిగా జవాబు. 23వ సంవత్సరంలో మిగులు ఎంతో మీ ఫైల్లో ఉన్న అంకెను మీ ఫైనాన్స్ డైరెక్టర్ కూడా నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు. ఆ ప్లాన్ చేసే పని వేరే. ఈ రోజు మనం ఎంత అప్పు తీసుకుంటే, ఎన్ని కొత్త ఇళ్లకు మాట ఇస్తే, రేపు ఉన్న ఇళ్లకు పైకప్పు మార్చడానికి డబ్బు లేకుండా పోతుందో ముందే చూపించడం దాని పని. ఏ దెబ్బ తగిలితే సంస్థ నిలబడలేదో, ఆ దెబ్బ తగిలినప్పుడు ఏది ముందు ఆపాలో బోర్డు ప్రశాంతంగా ఉన్నప్పుడే తేల్చుకునేలా చేయడం ఇంకో పని. నా దృష్టిలో వ్యూహం అంటే ఆ రెండో భాగమే. మిగతాదంతా దానికి కావలసిన లెక్క.

ఈ రంగం తెలియని వాళ్లు కూడా చదువుతారు కాబట్టి కొంచెం నేపథ్యం చెప్తాను. ఇంగ్లండ్‌లో మార్కెట్ కంటే తక్కువ అద్దెకు ఇచ్చే సోషల్ ఇళ్లు సుమారు 45 లక్షలు. వాటిలో సగానికి పైగా లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ల చేతిలో ఉన్నాయి, మిగతావి స్థానిక ప్రభుత్వాలైన కౌన్సిళ్లవి. ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడు మా పెద్దవాళ్లు "అవి గవర్నమెంట్ ఇళ్లేనా, ఇందిరమ్మ ఇళ్ల లాంటివా" అని అడుగుతుంటారు. ముఖ్యమైన తేడా ఏమిటంటే, మన దగ్గర ఇల్లు కట్టి, లేదా కట్టుకోవడానికి డబ్బిచ్చి, లబ్ధిదారుడికి అప్పజెప్పేస్తారు. అక్కడితో ప్రభుత్వం పని దాదాపు అయిపోయినట్టే. ఇక్కడ సంస్థ ఆ ఇంటికి యజమానిగానే ఉండిపోతుంది. బాయిలర్ పాడైతే సంస్థే మార్చాలి, గోడకు బూజు పడితే సంస్థే చూడాలి, ఆ కుటుంబం ఖాళీ చేశాక ఇంకో కుటుంబానికి ఇవ్వాలి, ఇలా అరవై ఏళ్లు, వందేళ్లు. 1862లో మొదలైన పీబాడీ ట్రస్ట్ 19వ శతాబ్దంలో కట్టిన ఇళ్లలో ఇప్పటికీ జనం అద్దెకుంటున్నారు. హైదరాబాద్ పక్కన కొల్లూరులో 2023లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల గురించి చదివినప్పుడు నాకు మొదట వచ్చిన ఆలోచన కూడా ఇదే: అన్ని టవర్ల లిఫ్టులు, నీటి పంపులు, డ్రైనేజీ పైపులు ఇరవై ఏళ్లకు అన్నీ ఒకేసారి మార్పుకి వస్తాయి, ఆ డబ్బు ఎవరు, ఎప్పటి నుంచి పక్కన పెడుతున్నారు? మీ చేతిలో ఉన్న ఎక్సెల్ ఫైల్ అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే.

ముప్పై అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒకటి అప్పు, రెండు ఇంటి భాగాల ఆయుష్షు. 1988 హౌసింగ్ చట్టం తర్వాత అసోసియేషన్లు బ్యాంకుల నుంచీ, బాండ్ల ద్వారానూ ప్రైవేటు అప్పు తేవడం మొదలైంది. ఇరవై అయిదు, ముప్పై ఏళ్ల అప్పు ఇచ్చేవాడికి అది తీరేదాకా లెక్క కావాలి. ఇక ఇంటి సంగతి. వంటగదిని సుమారు 20 ఏళ్లకు, బాత్‌రూమ్‌ను 30 ఏళ్లకు, బాయిలర్‌ను 15 ఏళ్లకు మార్చాలని లెక్కేస్తారు. అయిదేళ్ల ప్లాన్ వేస్తే ఈ ఖర్చుల్లో సగం కనపడవు, సంస్థ చాలా ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తుంది. 1990ల్లో ఒకేసారి వేలాది ఇళ్లు కౌన్సిల్ నుంచి బదిలీ అయిన సంస్థల్లో ఈ ఖర్చులు అలలు అలలుగా వస్తాయి. మీ ప్లాన్‌లో 8వ సంవత్సరంలోనో 14వ సంవత్సరంలోనో ఒక ఎత్తు కనిపిస్తే ఫార్ములా తప్పనుకుని సరిచేయకండి, ఎక్కువసార్లు అది నిజమైన ఖర్చే.

ఇప్పుడు అసలు విషయం, అద్దె. "మారుతున్న మార్కెట్" అనగానే అందరూ ఇళ్ల ధరల గురించీ వడ్డీ రేట్ల గురించీ మాట్లాడతారు. నన్నడిగితే ఈ రంగాన్ని ఎక్కువగా కుదిపింది ప్రభుత్వ అద్దె విధానం. చరిత్ర చూడండి. 2015 ఏప్రిల్ నుంచి పదేళ్లపాటు అద్దె ఏటా ధరల పెరుగుదల సూచీ సీపీఐకి ఒక శాతం కలిపి పెంచుకోవచ్చని ప్రభుత్వం మాటిచ్చింది. పదేళ్ల భరోసా దొరికింది కదా అని సంస్థలు ప్లాన్లు వేసుకున్నాయి, అప్పులు తెచ్చాయి, స్థలాలు కొన్నాయి. సరిగ్గా ఆ ఏడాది జులైలోనే బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ 2016 ఏప్రిల్ నుంచి నాలుగేళ్లపాటు ఏటా ఒక శాతం అద్దె తగ్గించాలని ప్రకటించారు. పదేళ్ల మాట మొదలైన నాలుగో నెలలోనే పోయింది.

ఒక శాతమే కదా అనిపిస్తుంది, లెక్క వేసి చూడండి. సీపీఐ ఏటా 2 శాతం అనుకుంటే పాత మాట ప్రకారం వారానికి 100 పౌండ్ల అద్దె నాలుగేళ్లకు 112 పౌండ్లు దాటాలి. కోత తర్వాత అది 96కి దిగింది. తేడా వారానికి 16 పౌండ్లకు పైగా. పది వేల ఇళ్లున్న సంస్థకు ఏడాదికి 85 లక్షల పౌండ్లు. పైగా నాలుగేళ్లతో నష్టం ఆగదు, ఎందుకంటే అయిదో ఏడాది పెంపు మొదలయ్యేది ఆ 96 మీద నుంచే. 30 ఏళ్ల ప్లాన్‌లో మొదటి నాలుగు గడులు మారిస్తే కింద ముప్పయ్యో గడి దాకా అంకెలన్నీ కుంగిపోతాయి. ఈ కోత వల్ల అసోసియేషన్లు కట్టే ఇళ్లు 14,000 తగ్గుతాయని ప్రభుత్వ లెక్కలను స్వతంత్రంగా పరిశీలించే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అప్పట్లోనే అంచనా వేసింది.

తర్వాత 2020 నుంచి మళ్లీ సీపీఐ ప్లస్ ఒకటి అన్నారు, అయిదేళ్లకు. 2022 సెప్టెంబర్‌లో సీపీఐ 10.1 శాతానికి చేరింది, లెక్క ప్రకారం 2023 ఏప్రిల్‌లో అద్దె 11.1 శాతం పెరగాలి, ప్రభుత్వం 7 శాతం దగ్గర ఆపేసింది. ఇక్కడ నా మాట స్పష్టంగా చెప్తాను: ఆపడం సరైనదే. కరెంటు, గ్యాస్ బిల్లులు కట్టలేక చలిలో కూర్చున్న కుటుంబానికి 11 శాతం అద్దె పెంచుతున్నామని ఉత్తరం పంపడం ఏ సోషల్ ల్యాండ్‌లార్డ్ చేయాల్సిన పని కాదు. కానీ రిపేర్ కాంట్రాక్టర్లు, సిమెంటు, కలప, జీతాలు ఏడు శాతం దగ్గర ఆగలేదు. ఆ తేడాను ఎవరూ పూడ్చలేదు, అది కూడా ముప్పై ఏళ్లూ మోయాల్సిందే. మీ ప్లాన్‌లో రిపేర్ ఖర్చు కూడా సీపీఐతో సమానంగానే పెరుగుతుందని పెట్టి ఉంటే ముందు దాన్ని ప్రశ్నించండి. నిర్మాణ ఖర్చులు, కూలి రేట్లు సాధారణ ధరల కంటే వేగంగా పెరిగే ఏళ్లు చాలా ఉన్నాయి. ఏటా అర శాతం తేడా పెట్టి చూడండి, 30వ ఏటికి మిగులు ఏమవుతుందో చూస్తే మీకే టెన్షన్ పుడుతుంది.

2025 జూన్ స్పెండింగ్ రివ్యూలో 2026 ఏప్రిల్ నుంచి మళ్లీ పదేళ్లపాటు సీపీఐ ప్లస్ ఒకటి అని ప్రకటించారు. దానితోపాటు కొత్త ఇళ్లకు పదేళ్లలో 3,900 కోట్ల పౌండ్ల గ్రాంటు. మంచి వార్తే, నేను కూడా సంతోషించాను. కానీ పదేళ్ల మాటకు ఏమైందో ఒకసారి చూసిన బోర్డులు ఆ పదేళ్లనూ యథాతథంగా నమ్మి ప్లాన్ వేయవు. జాగ్రత్తగా ఉండే చోట మూల ప్లాన్‌లో మొదటి కొన్నేళ్లే సీపీఐ ప్లస్ ఒకటి పెట్టి ఆ తర్వాత వట్టి సీపీఐకి దించేస్తారు, అప్పుడు మంచి జరిగితే అది అదనం అవుతుంది. మీ ఫైల్లో ఏ సంవత్సరం నుంచి దించారో చూడండి. ఆ ఒక్క గడి మీ బోర్డు మనస్తత్వం గురించి యాభై పేజీల వ్యూహపత్రం కంటే ఎక్కువ చెబుతుంది. ఇదంతా ఇంగ్లండ్ సంగతే సుమా, స్కాట్లండ్, వేల్స్‌లలో అద్దె నిబంధనలు వేరు.

తర్వాతది అప్పు. ఈ రంగం మొత్తం అప్పు సుమారు 10,000 కోట్ల పౌండ్లు. బ్యాంకులు అప్పు ఇచ్చేటప్పుడు పెట్టే షరతులను కవెనెంట్లు అంటారు, అందులో ప్రాణం లాంటిది ఇంటరెస్ట్ కవర్, అంటే వడ్డీ కట్టడానికి సరిపడా మిగులు వస్తోందా అన్నది. చాలా ఒప్పందాల్లో ఇది 110 శాతం. ఒక ఊహాసంస్థను తీసుకుందాం. అప్పు 40 కోట్ల పౌండ్లు, సగటు వడ్డీ నాలుగున్నర శాతం, అంటే ఏడాదికి కోటీ 80 లక్షలు. అన్ని ఖర్చులూ, పెద్ద రిపేర్లూ పోగా మిగులు 2 కోట్ల 20 లక్షలు. కవర్ 122 శాతం, బాగానే ఉంది. ఇప్పుడు అప్పులో 12 కోట్లు ఫ్లోటింగ్ రేటు మీద ఉందనుకోండి, రేటు రెండు శాతం పెరిగింది. వడ్డీ 24 లక్షలు పెరిగి 2 కోట్ల 4 లక్షలైంది, కవర్ 108కి పడింది, షరతు తప్పింది. ఇంటి తలుపులు అలాగే ఉన్నాయి, అద్దెలు అలాగే వస్తున్నాయి, అయినా బ్యాంకు ఇప్పుడు మిమ్మల్ని కూర్చోబెట్టి పాత చవక వడ్డీని కొత్త రేటుకు మార్చమని అడగగలదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2021 డిసెంబర్ దాకా 0.1 శాతం, 2023 ఆగస్టుకి 5.25. నా ఉదాహరణలో రెండు శాతమే పెంచాను.

అందుకే చాలా బోర్డులు బ్యాంకు షరతుకు పైన తమ సొంత గీత ఒకటి గీసుకుంటాయి, ఈ రంగంలో వాటిని గోల్డెన్ రూల్స్ అంటాం. షరతు 110 అయితే మేం 125 కిందికి వెళ్లం, ఏడాదిన్నరకు సరిపడా నగదూ వాడని అప్పు పరిమితీ ఎప్పుడూ చేతిలో ఉంచుతాం, ఫ్లోటింగ్ అప్పు ఇంత శాతం దాటనివ్వం, ఇలా. నిజం చెప్పాలంటే గత కొన్నేళ్లలో ఈ గీతలు చాలా చోట్ల కిందికి జరిగాయి. రిపేర్ల పెట్టుబడిని కూడా కలిపి చూస్తే రంగం మొత్తం ఇంటరెస్ట్ కవర్ 100 శాతం కిందికే పడింది. భద్రతా పనుల ఖర్చును, ఇళ్లకు ఇన్సులేషన్ వేసే ఖర్చును ఈ లెక్కలోంచి మినహాయించమని సంస్థలు బ్యాంకులను అడిగాయి, చాలా బ్యాంకులు ఒప్పుకున్నాయి కూడా. ఉపశమనమే, కానీ ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు.

రేట్లు పెరిగితేనే ప్రమాదం అనుకోకండి. ఫ్లోటింగ్ అప్పును ఫిక్స్ చేసుకోవడానికి విడిగా స్వాప్ ఒప్పందాలు చేసుకున్న సంస్థలకు 2010ల్లో రేట్లు మరీ పడిపోయినప్పుడు అవతలి బ్యాంకులు అదనపు తనఖా అడిగాయి, ఆ తనఖాగా ఇళ్లనో నగదునో కట్టాల్సి వచ్చింది. 2022 సెప్టెంబర్ 23 మినీ బడ్జెట్ (ప్రభుత్వం అప్పు మీద పన్ను కోతలు ప్రకటించింది) తర్వాత ప్రభుత్వ బాండ్ల రేట్లు రోజుల్లోనే ఎగిరిపోయాయి. అదే వారం బాండ్ అమ్మకానికి పెట్టాలని అనుకున్నవాళ్ల పరిస్థితి ఊహించండి. చేతిలో ఏడాదిన్నర నగదు ఉన్నవాళ్లు ఆగి చూడగలిగారు. 18 నెలల నియమం ఎందుకో నేను ఎంత వివరించినా ఆ వారం చెప్పినంత బాగా చెప్పలేను.

ఇక స్ట్రెస్ టెస్టులు. మీ ఉద్యోగంలో ఎక్కువ సమయం వీటి మీదే పోతుంది కాబట్టి ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. లివర్‌పూల్ కేంద్రంగా కాస్మోపాలిటన్ అనే హౌసింగ్ గ్రూప్ ఉండేది. విద్యార్థి వసతి భవనాలను దీర్ఘకాలిక లీజుకు తీసుకుని నడిపే వ్యాపారంలోకి వెళ్లింది. లీజు అద్దె మటుకు కట్టి తీరాలి, గదులు నిండుతాయన్న హామీ లేదు. 2012 చివరికల్లా నగదు అయిపోయే దాకా వచ్చింది, 2013లో శాంక్చురీ అనే పెద్ద సంస్థ దాన్ని తనలో కలుపుకుని కాపాడింది. అందరినీ భయపెట్టిన విషయం ఏమిటంటే, విద్యార్థి గదుల నష్టానికి పేద కుటుంబాలుంటున్న సోషల్ ఇళ్లు అప్పులవాళ్ల చేతిలోకి వెళ్లే అవకాశం నిజంగానే కనిపించింది. ఆ అనుభవం తర్వాతే 2015లో రెగ్యులేటర్ ప్రమాణాలు మార్చి, ప్రతి సంస్థా తన ఆస్తులూ బాధ్యతల రిజిస్టర్ పక్కాగా ఉంచాలని, ప్లాన్‌ను అది విరిగేదాకా పరీక్షించాలని పెట్టింది.

విరిగేదాకా అన్న మాట ముఖ్యం. "వడ్డీ ఒక శాతం పెరిగితే ఏమవుతుంది, ఏం కాదు, సరే" అని రాసి పక్కన పెట్టే పరీక్షలు నేను చాలా చూశాను, వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నిజ జీవితంలో దెబ్బలు విడివిడిగా రావు. ధరలు పెరుగుతాయి, దాంతో వడ్డీ పెరుగుతుంది, దాంతో కొంత వాటా కొనుక్కుని మిగతాదానికి అద్దె కట్టే షేర్డ్ ఓనర్‌షిప్ ఇళ్లు అమ్ముడుపోవు, సరిగ్గా అప్పుడే ప్రభుత్వం అద్దె మీద పరిమితి పెడుతుంది, ఆ ఏడాదే ఒక కాంట్రాక్టర్ దివాలా తీస్తాడు. 2022, 2023లలో దాదాపు ఇవన్నీ కలిసే వచ్చాయి. అలా కలిపి ఎన్ని వేస్తే ఏ సంవత్సరంలో, ఏ షరతు దగ్గర విరుగుతుందో కనిపెట్టండి. అది కనిపెట్టాకే అసలు చర్చ మొదలవుతుంది, ఏం చేస్తాం అని.

ఉద్యోగం పోతే ముందు కేబుల్ కట్ చేయాలా, కారు అమ్మాలా, పిల్లల ఫీజు మాత్రం ఏం జరిగినా ఆపకూడదా అని భార్యాభర్తలు జీతం వస్తున్న రోజుల్లోనే మాట్లాడుకుని పెట్టుకుంటే ఎలా ఉంటుందో, బోర్డు చేయాల్సింది కూడా అదే. మొదట ఇంకా సంతకం పెట్టని నిర్మాణాలు ఆపడం, తర్వాత స్థలాలు అమ్మడం, ఆపైన ఖాళీ అయిన దూరపు ఇళ్లు కొన్ని అమ్మడం, కొత్త ఉద్యోగ నియామకాలు ఆపడం, చివరగా వంటగదుల మార్పును ఒక ఏడాది వాయిదా వేయడం. అగ్నిప్రమాద భద్రత, గ్యాస్ తనిఖీలు, బూజు పనులు ఈ జాబితాలో అసలు ఉండకూడదు. ప్రతిదానికీ ఎంత డబ్బు మిగులుతుంది, చేతికి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది అని రాయాలి. ఇళ్లు అమ్మి డబ్బు తెస్తాం అని తేలిగ్గా రాస్తారు, మార్కెట్ పడిపోయినప్పుడే కదా అమ్మాల్సి వచ్చేది, అప్పుడు ధర ఎంత, కొనేవాడెవడు? తనఖాలో ఉన్న ఇల్లయితే బ్యాంకు విడిపించేదాకా అమ్మలేరు కూడా. ఈ ప్రశ్నలు మీటింగ్‌లో అడగండి, కొత్తవాడివని ఎవరూ ఏమీ అనరు, అంటే ఆ సంస్థ గురించి మీకొక విషయం తెలిసినట్టే.

ఇంతవరకు డబ్బు గురించి రాశాను. అయితే గత పదేళ్లలో ఈ రంగం వ్యూహాన్ని నిజంగా మార్చింది డబ్బు కాదు, మరణాలు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలిపోయి 72 మంది చనిపోయారు. అది కౌన్సిల్ భవనం. ప్రమాదం గురించి అక్కడ ఉంటున్నవాళ్లు ముందే హెచ్చరించారు, వినలేదు. 2020 డిసెంబర్‌లో రోచ్‌డేల్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు ఇంట్లోని బూజు గాలి పీల్చీ పీల్చీ చనిపోయాడు. ఆ ఇంట్లో బూజు ఉందని తల్లిదండ్రులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. 2022 నవంబర్‌లో కరోనర్ (మరణ కారణం విచారించే అధికారి) తీర్పు వచ్చిన రోజు ఈ దేశంలో ఈ ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరూ తమ ఫిర్యాదుల జాబితా తీసి చూసుకోవాల్సి వచ్చింది. ఆ బాబు పేరుతో వచ్చిన ఆవాబ్ చట్టం మొదటి దశ 2025 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉంది: అత్యవసర ప్రమాదం అయితే 24 గంటల్లో పని చేయాలి, తీవ్రమైన తేమ, బూజు అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి, ప్రమాదం ఉందని తేలితే 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి.

దీన్ని ప్లాన్‌లో ఎక్కడ పెడతారు? చాలామంది రిపేర్ బడ్జెట్‌కు ఒక శాతం పెంచి ఊరుకుంటారు. అది చాలదు, ఎందుకంటే మూల సమస్య మన ఇళ్ల గురించి మనకు ఏం తెలుసు అన్నది. స్టాక్ కండిషన్ సర్వే అని ఉంటుంది, ఒక్కో ఇంటికీ మనిషి వెళ్లి పైకప్పు, కిటికీలు, తేమ, వైరింగ్ చూసి రాసేది. అన్ని ఇళ్లకూ వెళ్లలేక ఒక వీధిలో పది ఇళ్లు చూసి మిగతా యాభైకీ అవే వివరాలు కాపీ చేసేవాళ్లు, దీన్ని క్లోనింగ్ అంటారు. మీ 30 ఏళ్ల పెట్టుబడి ఖర్చు మొత్తం ఈ డేటా మీదే నిలబడి ఉంటుంది. పదేళ్ల కిందటి సర్వే నుంచి కాపీ చేసిన అంకెల మీద ఎంత అందమైన మోడల్ కట్టినా అది నిలవదు. 2024 ఏప్రిల్ నుంచి రెగ్యులేటర్ పెద్ద సంస్థలన్నిటినీ నాలుగేళ్లకోసారి తనిఖీ చేసి, పాలనకు జీ, ఆర్థికానికి వీ గ్రేడ్లతోపాటు అద్దెదారులకు అందే సేవకు సీ1 నుంచి సీ4 దాకా కొత్త గ్రేడ్ ఇస్తోంది. మీ ఇళ్ల పరిస్థితి మీకు ఎలా తెలుసు అన్నది ఆ తనిఖీల్లో పదే పదే ముందుకొచ్చే ప్రశ్న.

సర్వే నిజంగా చేస్తే కొన్ని ఇళ్ల విషయంలో బాధాకరమైన నిజం బయటపడుతుంది. విక్టోరియా కాలపు ఒంటి ఇటుక గోడల ఇళ్లను 2030కల్లా ఎనర్జీ రేటింగ్ సీకి తేవాలంటే ఒక్కోదానికీ వచ్చే ఖర్చు ఆ ఇంటి అద్దెతో ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. 1960ల టవర్లలో కొన్నింటిని బాగుచేయడం కంటే కూల్చి కట్టడమే నయం అని తేలొచ్చు. అలాంటి ఇంటిని అమ్మి ఆ డబ్బుతో వేరే చోట కట్టడమా, నష్టమని తెలిసీ ఉంచుకోవడమా? ఆ వీధిలో వేరే సోషల్ ఇల్లు ఒక్కటీ లేకపోతే, అది అమ్మితే ఆ ఊళ్లో పేదవాడికి చోటే లేకుండా పోతే, లెక్క ఏం చెప్పినా ఉంచుకోవాలనే నేనంటాను. అయితే దానికయ్యే నష్టాన్ని ప్లాన్‌లో బాహాటంగా రాసి, బోర్డు తెలిసే ఒప్పుకోవాలి. ముప్పై కౌన్సిల్ ప్రాంతాల్లో తలా పాతిక ఇళ్లున్న సంస్థలు ఆ ఇళ్లను అక్కడే ఎక్కువ ఇళ్లున్న వేరే అసోసియేషన్‌కు ఇచ్చేయడం మాత్రం నేను పూర్తిగా సమర్థిస్తాను. రిపేర్ మనిషి రెండు గంటలు డ్రైవ్ చేసి రావాల్సిన ఇంట్లో ఉండేవాళ్లకు ఎప్పుడూ సరైన సేవ అందదు.

కొత్త ఇళ్ల నిర్మాణం గురించి క్లుప్తంగా చెప్తాను, దీని గురించి మీ ఆఫీసులో ఎలాగూ అందరూ మాట్లాడతారు. 2010 తర్వాత గ్రాంటు బాగా తగ్గించి, మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా వసూలు చేసుకునే అఫర్డబుల్ రెంట్ పెట్టారు. మిగతా లోటు పూడ్చుకోవడానికి సంస్థలు అమ్మకపు ఇళ్లు, షేర్డ్ ఓనర్‌షిప్ ఇళ్లు కట్టి ఆ లాభంతో సోషల్ ఇళ్లు కట్టడం మొదలుపెట్టాయి. మార్కెట్ బాగున్నన్నాళ్లూ నడిచింది. అలా చేసినప్పుడు బిల్డర్ తీసుకునే ప్రమాదమే సోషల్ ల్యాండ్‌లార్డ్ కూడా తీసుకున్నట్టు. అమ్మకాలు ఆగితే సోషల్ ఇళ్లు కూడా ఆగుతాయి, అవి ఎక్కువ అవసరమయ్యే సమయంలోనే. ఈమధ్య చేతిలో డబ్బు లేక అసోసియేషన్లు వెనక్కి తగ్గడంతో, ప్రైవేటు బిల్డర్లు ప్లానింగ్ అనుమతి షరతుల కింద కట్టిన చవక ఇళ్లకు కూడా కొనేవాళ్లు దొరకని పరిస్థితి వచ్చింది, వాటికోసం ప్రభుత్వ సంస్థ హోమ్స్ ఇంగ్లండ్ 2024 డిసెంబర్‌లో ప్రత్యేకంగా ఒక సర్వీసు పెట్టింది. మీ ప్లాన్‌లో ఒప్పందం అయిపోయిన నిర్మాణాలనూ ఇంకా ఆశగానే ఉన్న నిర్మాణాలనూ విడివిడి గీతలుగా చూపించమని అడగండి. రెండూ కలిపేస్తే బోర్డుకు తన స్వేచ్ఛ ఎంతో తెలియదు. కొత్త పదేళ్ల గ్రాంటు కార్యక్రమంలో మూడు లక్షల ఇళ్లు కట్టాలని, కనీసం 60 శాతం అఫర్డబుల్ రెంట్ కంటే తక్కువగా ఉండే అసలైన సోషల్ రెంట్‌కే పోవాలని లక్ష్యం పెట్టారు. అమ్మకాల మీద ఆధారపడకుండా మళ్లీ కట్టగలిగే అవకాశం నాకు ఇందులోనే కనిపిస్తోంది.

విలీనాల గురించి కూడా అడిగారు. పెద్దవైతే అప్పు చవక, ప్రమాదం పంచుకోవచ్చు అంటారు, కొంత నిజం. 2016లో విలీనంతో ఏర్పడ్డ క్లారియన్ చేతిలో లక్షకు పైగా ఇళ్లున్నాయి. కానీ రెండు సంస్థల ఐటీ వ్యవస్థలు, రిపేర్ కాంట్రాక్టులు కలపడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో ఫోన్ ఎత్తేవాడు లేక ఇబ్బంది పడేది అద్దెకుండేవాళ్లే. బలహీనత దాచుకోవడానికి చేసే విలీనం వద్దు, అంతే.

ఇక అందరి గుండెల్లో ఉండే ప్రశ్న. ఇంగ్లండ్‌లో 13 లక్షల కుటుంబాలు సోషల్ ఇంటి కోసం వరసలో ఉన్నాయి. లక్షా ముప్పై వేలకు పైగా కుటుంబాలు తాత్కాలిక వసతిలో ఉన్నాయి, వాళ్లలో ఎందరో పిల్లలు ఒకే గదిలో హోంవర్కు చేసుకుంటూ పెరుగుతున్నారు. ఇంకోవైపు ఇప్పటికే మన ఇంట్లో ఉన్నవాళ్ల గోడకు బూజు. ఉన్న ఒక్క పౌండు ఎవరికి? దీనికి అన్ని చోట్లా పనికొచ్చే జవాబు లేదు, కానీ నా పక్షం నేను చెప్తాను: ఉన్న ఇళ్లు సురక్షితంగా, పొడిగా ఉండే దాకా కొత్తవాటికి మాట ఇవ్వకూడదు. అది సాధించిన సంస్థ మాత్రం గోల్డెన్ రూల్స్‌కు పైన ఇంకా ఇంకా కుషన్ పోగేసుకుంటూ కూర్చోకూడదు. మరీ భద్రంగా ఉన్న ప్లాన్ కూడా తప్పే, ఎందుకంటే కట్టగలిగీ కట్టని ప్రతి ఇల్లూ ఒక కుటుంబాన్ని ఇంకో శీతాకాలం హోటల్ గదిలో ఉంచుతుంది. రేటింగ్ వీ1 నుంచి వీ2కి పడితే పరువు పోయిందనుకునే బోర్డులున్నాయి. వీ2 కూడా నిబంధనలకు లోబడిన గ్రేడే. ఉన్న ఇళ్లు బాగుచేసి, కొత్తవి కట్టి వీ2కి వచ్చిన సంస్థను నేను గౌరవిస్తాను.

మీరు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్తాను. అప్పుల ఒప్పందాల సారాంశం, గోల్డెన్ రూల్స్ పత్రం, స్టాక్ కండిషన్ సర్వేలో ఎన్ని ఇళ్లు గత అయిదేళ్లలో నిజంగా చూసినవో ఆ లెక్క, ఈ మూడూ ముందు అడిగి తీసుకోండి. తర్వాత అద్దె, రిపేర్ ద్రవ్యోల్బణం, వడ్డీ అనే మూడు గడులు మాత్రమే మారుస్తూ మోడల్ ఎక్కడ విరుగుతుందో మీరే ఒకసారి చూసుకోండి. ఫిర్యాదుల టీమ్‌తో కూర్చుని తేమ, బూజు కేసులు ఏ ఎస్టేట్ల నుంచి ఎక్కువ వస్తున్నాయో అడగండి, ఆ ఎస్టేట్లకు ప్లాన్‌లో ఏ సంవత్సరంలో డబ్బు పెట్టారో పక్కన పెట్టి చూడండి. చాలా చోట్ల ఈ రెండు జాబితాలూ కలవవు, కలవలేదని చూపించినవాడి మాట బోర్డు వింటుంది. రిపేర్ మనుషులతో వ్యాన్‌లో ఒక రోజు తిరిగి ఇళ్లు చూడటం కూడా తప్పకుండా పెట్టుకోండి, మీ మేనేజర్ కాదనరు. సెప్టెంబర్ సీపీఐ అంకె అక్టోబర్ మధ్యలో వస్తుంది, వచ్చే ఏడాది అద్దె దాని మీదే కాబట్టి అప్పటి నుంచి జనవరి బోర్డు దాకా మీ టీమ్‌కు ఊపిరాడదు. అందుకని ఆ వ్యాన్ రోజు ఆగస్టులోనే అడిగేసుకోండి.